ఊళ్లో వాద్యకారులతో రాక్ ఒపేరా పాటల కచేరీ ఎలా చేయాలి

పద్యనాటకం చూసినవాళ్లకి రాక్ ఒపేరా అంటే ఏమిటో చెప్పడం సులువు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం అందుకుంటే కథ ఆగదు, ఆ పద్యంలోనే నడుస్తుంది. రాక్ ఒపేరాలోనూ అంతే. హార్మోనియం ఉండాల్సిన చోట ఎలక్ట్రిక్ గిటారు ఉంటుంది. పాత్రలు తమ కోపం, భయం, అనుమానం అన్నీ పాటలోనే చెప్పుకుంటాయి. అందుకే మామూలు బ్యాండ్ ప్రోగ్రాంలా పదిహేను హిట్ పాటలు వరసగా వాయించేస్తే ఇది కుదరదు. పాడుతున్నది ఎవరు, ఎవరితో పాడుతున్నారు, ఎందుకు పాడుతున్నారు అన్నది హాల్లో చివరి వరసకి కూడా తెలియాలి.

విశాఖపట్నంలో మేం మొదటిసారి చేసినప్పుడు అందరం బాగానే వాయించాం. అయిపోయాక మా గిటారిస్టు నాన్నగారు స్టేజీ దగ్గరికి వచ్చారు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి పద్యనాటకాలు ఆడినాయన. "బాగా వాయించారు బాబూ. కానీ ఆ అబ్బాయి అంత బాధపడిపోతూ ఏం చెప్పాడో ఒక్క ముక్క తెలియలేదు" అన్నారు. ఆయనకి ఇంగ్లీషు చక్కగా వచ్చు. గిటార్ల హోరులో మాట వినబడలేదు, ముందు ఏం జరిగిందో మేం ఎవరం చెప్పలేదు. ఆ తర్వాత చేసిన ప్రతి కచేరీకీ నేను ఆయన్ని మూడో వరసలో కూర్చున్నట్టు ఊహించుకునే ప్లాన్ వేస్తున్నాను. మీరూ అలాంటి ఒక్కరిని మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి.

పాటలు ఎంచుకోవడం

గంటన్నర కచేరీకి పదహారు పాటలు సరిపోతాయి. పది రచనల నుంచి తలా ఒకటి తీసుకోకండి. మూడు రచనలు తీసుకుని, ఒక్కోదాని నుంచి ఐదారు పాటలు కథ వరసలోనే పెట్టండి. అప్పుడు వినేవాళ్లకి పాత్రతో పరిచయం అయ్యే టైం దొరుకుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేవి మూడు. ఒకటి, ద హూ బ్యాండ్ 1969లో తెచ్చిన 'టామీ'. చిన్నప్పుడు ఇంట్లో జరిగిన హత్య కళ్లారా చూసిన పిల్లాడిని "నువ్వేం చూడలేదు, ఏం వినలేదు" అని పెద్దవాళ్లు బెదిరిస్తారు. ఆ దెబ్బకి వాడికి చూపు, వినికిడి, మాట అన్నీ పోతాయి. రెండోది ఆండ్రూ లాయిడ్ వెబ్బర్, టిమ్ రైస్‌ల 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్'. ఇది ముందు 1970లో రికార్డుగా వచ్చి, 1971లో బ్రాడ్‌వే ఎక్కింది. మనవాళ్లకి కథ ముందే తెలుసు కాబట్టి సగం పని తేలిక. బొంబాయిలో 1970లలోనే అలిక్ పదమ్‌సీ దీన్ని నాటకంగా వేయించారు, అందులో నందు భెండే యూదా (జూడాస్) పాత్ర పాడారు. అంటే మన దేశపు వాద్యకారులకి ఇది కొత్త దారి కాదు. మూడోది పింక్ ఫ్లాయిడ్ 1979 నాటి 'ద వాల్'. కుర్రకారు ఎక్కువ వచ్చే ఊరైతే దీని బదులు గ్రీన్ డే 2004లో చేసిన 'అమెరికన్ ఇడియట్' పెట్టుకోవచ్చు. అందులో ఐదు భాగాలుగా సాగే తొమ్మిది నిమిషాల పాట ఒకటి ఉంది. దాన్ని దించాలంటే డ్రమ్మర్‌కి నిజంగా దమ్ము కావాలి.

క్వీన్ బ్యాండ్ పాట 'బొహీమియన్ రాప్సడీ' పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది రాక్ ఒపేరాలోది కాదు, విడి పాట. అయినా జనానికి ప్రాణం కాబట్టి కార్యక్రమం అయిపోయాక వన్స్‌మోర్ కోసం దాచుకోండి. కథ మధ్యలో మాత్రం వన్స్‌మోర్‌లకి లొంగకండి. శిలువ దాకా వచ్చిన కథ వెనక్కి పోకూడదు.

ఎంపికలో ఇంకో జాగ్రత్త ఉంది. 'టామీ'లో పిల్లాడిపై దగ్గరి బంధువు చేసే అఘాయిత్యం గురించిన పాట ఉంది. కుటుంబాలు వచ్చే కచేరీలో నేను దాన్ని వదిలేస్తాను. 'సూపర్‌స్టార్' కథ చాలావరకు యూదా వైపు నుంచి నడుస్తుంది, శిలువతో ముగుస్తుంది, పునరుత్థానం కనిపించదు. బ్రాడ్‌వేలో మొదలైనప్పుడు దీనిపై నిరసనలు జరిగాయి. మీ బృందంలో చర్చి క్వైర్ పిల్లలు ఉంటే, పోస్టర్ వేయకముందే వాళ్ల పాస్టర్‌గారిని కలవండి. ఏ పాటలు పాడుతున్నారో, ఏ మాటలు ఉన్నాయో కాగితం మీద రాసి చూపించండి. పోస్టర్ చూసి తెలుసుకోవడం వేరు, మీరు ఇంటికెళ్లి చెప్పడం వేరు. మేం కలిసిన పెద్దాయన అరగంట ప్రశ్నలు వేశారు, చివరికి తన క్వైర్ నుంచి ఇద్దరు సోప్రానోలను, అంటే పైస్థాయిలో పాడే అమ్మాయిలను, తనే పంపారు.

అనుమతులు

పాటలు స్టేజీ మీద వాయించడం వేరు, నాటకంగా వేయడం వేరు. వేషాలు, నటన, సెట్టింగులు పెడితే, లేదా ఒక రచనను మొదటి నుంచి చివరి దాకా వరసగా పాడితే, అది నాటక ప్రదర్శన కిందకి వస్తుంది. దానికి హక్కులున్న సంస్థ నుంచి విడిగా లైసెన్స్ తీసుకోవాలి. 'సూపర్‌స్టార్' హక్కులు కాన్‌కార్డ్ థియాట్రికల్స్ దగ్గర, 'టామీ' స్టేజీ హక్కులు మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ దగ్గర ఉన్నాయి. మూడు రచనల నుంచి కొన్ని కొన్ని పాటలు మాత్రమే, వేషాలు లేకుండా కచేరీగా చేయమని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం.

కచేరీకి మన దేశంలో ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ లైసెన్స్ తీసుకోవాలి. దాన్ని ఐపీఆర్ఎస్ అంటారు. పాటల లిస్టు ఇచ్చి, అందులో ఏవైనా తమ పరిధిలోకి రానివి ఉన్నాయేమో రాతపూర్వకంగా అడగండి. ఇంటర్వెల్‌లో రికార్డు పాటలు వేస్తే దానికి వేరే లైసెన్స్ కావాలి కాబట్టి వేయకండి. టికెట్ లేకుండా ఔత్సాహిక బృందం చేసే ప్రదర్శనకి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయితే స్పాన్సర్ డబ్బులు తీసుకునేటప్పుడు అది వర్తిస్తుందో లేదో తెలిసిన లాయర్‌ని అడగండి. పాటను తెలుగులోకి మార్చి పాడాలంటే అనువాద హక్కు మళ్లీ విడిగా అడగాలి. దానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి పాట ఇంగ్లీషులోనే ఉంచి, కథ తెలుగులో చెప్పండి.

లౌడ్‌స్పీకర్‌కి పోలీసు అనుమతి తీసుకోండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. ఆరుబయట చేస్తే ఆరింటికే మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా ముగించేలా చూసుకోండి. టికెట్ 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. టికెట్లు అచ్చు వేసేముందు ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఎవరెవరు కావాలి

డ్రమ్స్, బేస్, ఇద్దరు గిటారిస్టులు, కీబోర్డు ఒకరు లేదా ఇద్దరు. వీళ్ల కోసం కాలేజీ బ్యాండ్లనే వెతక్కండి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు స్కేల్ చెప్పగానే ఏ పాటైనా చెవితో పట్టేస్తారు, కరెంటు పోయినా కంగారుపడరు. చర్చి క్వైర్లలో సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు పార్టులు విడగొట్టి పాడటం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్లు దొరుకుతారు. రాక్ ఒపేరాకి వాళ్లు బంగారం. ఎనిమిది మంది చాలు, పార్టుకి ఇద్దరు చొప్పున.

గాయకులను పాత్ర ప్రకారం తీసుకోండి. యేసు, యూదా ఇద్దరికీ గొంతు తేడా స్పష్టంగా ఉండాలి. అసలు రికార్డులో యేసు పాటలు డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలన్ పాడాడు. గెత్సేమనే తోటలో పాడే పాటలో ఆయన వేసే కేక మామూలు టెనర్ గొంతుకి అందేది కాదు. దాన్ని అలాగే దించాలని ప్రయత్నించి రిహార్సల్‌లోనే గొంతు పోగొట్టుకున్న కుర్రాడిని చూశాను. ఆ చోట వేదన వినబడాలి, స్వరం ఒకటి రెండు మెట్లు కిందే ఉన్నా ఎవరూ లెక్క కట్టరు.

'ద వాల్'లో 'కంఫర్టబ్లీ నంబ్' పాట ఒక డాక్టరుకీ, మొద్దుబారిపోయిన గాయకుడికీ మధ్య మాటల్లా నడుస్తుంది. రికార్డులో చరణాలు రోజర్ వాటర్స్, పల్లవి డేవిడ్ గిల్మర్ పాడారు. చాలా బ్యాండ్లు రెండూ ఒక్కరిచేతే పాడించేస్తాయి, కథ అక్కడే పోతుంది. ఇద్దరిని పెట్టండి, స్టేజీకి చెరో చివర నిలబెట్టండి. అదే రచనలో పిల్లలు పాడే పాటకి మీ ఊరి బడి పిల్లల్ని పది మందిని తీసుకోండి. రికార్డులో పాడినవాళ్లు కూడా లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లలే. ఆ పాటను ఇంటర్వెల్‌కి ముందు పెడితే తల్లిదండ్రులు పిల్లల్ని త్వరగా ఇంటికి తీసుకెళ్లగలుగుతారు.

శ్రుతి, తాళం

ప్రతి గాయకుడికీ ఏ స్కేల్ సుఖంగా ఉంటుందో రెండో వారంలోనే తేల్చేయండి. ఆలస్యమైతే అందరూ నేర్చుకున్నది మళ్లీ మార్చుకోవాలి. అర మెట్టు, ఒక మెట్టు తగ్గించాల్సి వస్తే గిటారు, బేస్ తీగలు దించి శ్రుతి చేసుకోండి. వేలు నొక్కకుండా మోగించే తీగల మీద నడిచే బాణీలు వేరే స్కేల్‌లో వేళ్లకి అందవు, అందినా ఆ మోత రాదు. దించిన శ్రుతికి ఒక గిటారు, మామూలు శ్రుతికి ఒక గిటారు వేరుగా పెట్టుకుంటే స్టేజీ మీద టైం వృథా కాదు. కీబోర్డు వాళ్లు స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మర్చిపోతారు. పాటల లిస్టులో ప్రతి పాట పక్కన ఎన్ని మెట్లు మార్చాలో ఆ అంకె పెద్ద అక్షరాలతో రాసి కీబోర్డుకి అతికించండి.

తాళం దగ్గర మనవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. 'సూపర్‌స్టార్'లో మగ్దలేనే మరియ యేసుని ఊరడించే పాట ఐదు లెక్కలో, దేవాలయంలో వ్యాపారుల పాట ఏడు లెక్కలో నడుస్తాయి. రాక్ డ్రమ్మర్లు నాలుగు లెక్కకి అలవాటుపడి ఇక్కడ తడబడతారు. కాస్త మృదంగమో తబలానో తెలిసినవాళ్లు ఖండగతి, మిశ్రగతి అనగానే తల ఊపేస్తారు. మా డ్రమ్మర్‌కి ఏడు లెక్క నెల రోజులైనా పట్టుబడలేదు. మృదంగం నేర్చుకున్న మా ఆల్టో అమ్మాయి పక్కన కూర్చుని "తకిట తకధిమి" అని చేత్తో వేస్తూ చెబితే ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. కర్రలు ముట్టుకోకముందు బృందమంతా చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పండి. రికార్డులో విరుపు ఎక్కడ పడుతోందో జాగ్రత్తగా విని, జతులు దానికి సరిపోయేలా పేర్చుకోండి.

రిహార్సల్స్

పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు డ్రమ్స్, బేస్ ఒక గదిలో, క్వైర్ కీబోర్డుతో ఇంకో గదిలో. గిటార్లు ఇంట్లోనే నేర్చుకుని రావాలి. ఐదో వారం నుంచి కలపండి. ప్రతి రిహార్సల్ ఫోన్‌లో రికార్డు చేసి, ఆ రాత్రే గ్రూపులో పెట్టండి. తప్పు ఎవరు చేశారో చెప్పాల్సిన పని ఉండదు, ఎవరిది వాళ్లకే వినబడుతుంది.

తొమ్మిదో వారం నుంచి పాటలు సాధన చేయడం తగ్గించి, పాటకీ పాటకీ మధ్యనున్న చోటు సాధన చేయండి. ఒక పాట చివరి స్వరం మోగుతుండగానే కథ చెప్పేవాళ్లు మాట అందుకోవాలి. ఆ మాట అయిపోయే క్షణానికి తర్వాతి పాట మొదటి దెబ్బ పడాలి. ఆ సందులో గిటారిస్టు తీగలు సరిచేసుకుంటూ నిలబడితే కట్టిన కథంతా జారిపోతుంది. ప్రతి పాటలో చివరి ఎనిమిది లెక్కలు, తర్వాతి పాటలో మొదటి ఎనిమిది లెక్కలు మాత్రమే వాయిస్తూ కార్యక్రమం మొత్తం ఒకసారి నడపండి. అరగంటలో అయిపోతుంది, అంత ఉపయోగపడే అరగంట ఇంకోటి లేదు.

కథ చెప్పేవాళ్లు

దీనికి యాంకర్ వద్దు. బుర్రకథలో కథకుడిలా కథ లోపలి నుంచి మాట్లాడే మనిషి కావాలి. నాటకాల అనుభవం ఉన్న ఆవిడో ఆయనో దొరికితే మంచిది. పాటకి ముందు నలభై సెకన్లు, అంతకు మించకూడదు. "తర్వాత పాట పేరు ఇది, పాడేది ఫలానా" అన్న ధోరణి పూర్తిగా మానేయండి. యూదా మొదటి పాటకి మేం రాసుకున్నది ఇలా ఉంటుంది:

"ఇస్కరియోతు యూదాకి నిద్ర పట్టడం లేదు. గురువు వెనక జనం పెరిగిపోతున్నారు. రోము సైనికులు చూస్తూనే ఉన్నారు. ఇదంతా మన ప్రాణాల మీదికి వస్తుందని ఆయనకి ఎవరు చెప్పాలి? ప్రేమ ఉన్నవాడే చెప్పాలి."

చివరి మాట పడగానే గిటారు మొదలవుతుంది. తర్వాత వచ్చేది ఇంగ్లీషు పాటైనా, పాడుతున్నవాడి గుండెలో ఏముందో వినేవాళ్లకి అప్పటికే తెలిసి ఉంటుంది. స్క్రీన్ ఉంటే పాత్ర పేరు, ఊరు, సందర్భం ఒక్క లైనులో తెలుగులో వేయండి. పాట సాహిత్యం మొత్తం వేస్తే జనం స్క్రీన్ చదువుతూ కూర్చుంటారు, పైగా దానికీ అనుమతి అడగాలి.

హాలు, సౌండ్

వీలుంటే నాటకాలు ఆడే హాలు తీసుకోండి. హైదరాబాద్ రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమండ్రి ఆనం కళాకేంద్రం, విశాఖ కళాభారతి లాంటివి. అంత ఖర్చు కుదరకపోతే కాలేజీ ఆడిటోరియం చాలు. కల్యాణమండపాలు మాత్రం వద్దు. పాలరాతి నేల, నున్నటి గోడల మధ్య డ్రమ్స్ మోత తిరుగుతూనే ఉంటుంది.

సౌండ్ వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడండి. పెళ్లి ఆర్కెస్ట్రాకి చేసినట్టు వాయిద్యాల మోత పెంచడం వాళ్లకి అలవాటు. ఇక్కడ మాటే ముఖ్యమని, హల్లులు స్పష్టంగా వినబడాలని చెప్పండి. హల్లుల స్పష్టత ఎక్కువగా రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్‌జ్ మధ్య ఉంటుంది, గిటార్లు కరకరలాడేదీ అక్కడే. మిక్సర్‌లో గిటార్లకి ఆ భాగం కొంచెం తగ్గిస్తే గొంతు పెంచకుండానే పైకి తేలుతుంది. గిటారు యాంప్లను గాయకుల వీపు వైపు కాకుండా పక్కకి తిప్పండి, డ్రమ్స్ కింద, వెనక మందపాటి తివాచీలు వేయండి. స్టేజీ మీద మోత తగ్గితేనే హాల్లో మాట వినబడుతుంది.

మైకు కూత పెట్టకుండా ఉండాలంటే, మామూలు కార్డియాయిడ్ మైకుకైతే (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) మానిటర్, అంటే గాయకులు తమ గొంతు వినడానికి స్టేజీ మీద పెట్టే స్పీకర్, సరిగ్గా మైకు తోక వైపు ఉండాలి. మైకు తలను గుప్పిట్లో మూసి పాడే అలవాటు ఉన్నవాళ్లకి మొదటి రిహార్సల్ నుంచే మాన్పించండి. కూతకి ముఖ్య కారణం అదే, మాట ముద్దగా వినబడేదీ దానివల్లే.

ఎర్తింగ్ మాట చాలామంది మర్చిపోతారు. గిటారు చేతిలో ఉండగా పెదవి మైకుకి తగిలి షాక్ కొట్టిందంటే ఎర్త్ సరిగ్గా లేదన్నమాట, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఉదయమే హాలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, స్టేజీ మీద ప్రతి ప్లగ్ బోర్డు చూపించండి. లైట్లకీ సౌండ్‌కీ వేర్వేరు ఫేజులు తీసుకుంటే గిటార్లలో జుయ్ మనే రొద తగ్గుతుంది.

కచేరీ రోజు

మధ్యాహ్నం రెండుకల్లా సౌండ్ చెక్ మొదలుపెట్టండి. డ్రమ్స్, బేస్, గిటార్లు, కీబోర్డు, చివరగా గొంతులు. గొంతులు వచ్చాక మిగతావాటిని తగ్గించమనండి, గొంతులు పెంచమనకండి. ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి, కథ చెప్పేవాళ్ల మాటలు విని తిరిగి చెప్పమనండి. ఒక్క మాట తప్పినా మళ్లీ సరిచేయండి. జనంతో నిండాక హాలు కొంత మోత పీల్చుకుంటుంది, అందుకని ఖాళీ హాల్లో వినబడిన దానిమీదే పూర్తిగా నమ్మకం పెట్టుకోకండి.

మొదటి అంశంగా 'టామీ' ఓవర్చర్, అంటే కథకి ముందు వచ్చే సంగీతం, వాయించండి. ఐదు నిమిషాల పాటు దాదాపు అంతా వాద్యమే, చివర్లో మాత్రమే కాస్త గొంతు వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు కూర్చుంటారు, గాయకుల టెన్షన్ తగ్గుతుంది, సౌండ్ మనిషికి నిండిన హాల్లో మిక్స్ సర్దుకునే టైం దొరుకుతుంది. గాయకులకి గోరువెచ్చని నీళ్లు పెట్టండి. ఐస్ నీళ్లు, పాలు, మజ్జిగ అప్పుడు వద్దు.

భోజనాలు కచేరీ అయ్యాకే పెట్టండి, కానీ నాలుగింటికి ఇడ్లీయో ఉప్మానో తప్పకుండా అందరికీ అందాలి. ఆర్కెస్ట్రా నుంచి వచ్చినవాళ్లకి ఒప్పుకున్న డబ్బు కవర్లలో పేరు రాసి ముందే సిద్ధం చేసుకోండి. వ్యాన్‌లోకి సామాను ఎక్కించకముందే, ఆ రాత్రే, చేతికి ఇవ్వండి.